మన లెక్క మన ఫోనులో: మా సంఘం ఏపీఐ పెట్టుకున్న సంగతి

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు సంగతి మాట్లాడమని ఫెడరేషను వాళ్ళు అడిగితే ముందు మేము వద్దన్నాం. మా చదువు ఎనిమిదో తరగతి. పదమూడో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాళ్ళం. తరవాత సంఘంలో మెంబరు, డైరెక్టరు, ఇప్పుడు సెక్రటరీ. ఇంగ్లీషులో సంతకం పెట్టడం, చెక్కు చదవడం వచ్చు, అంతే. అయితే ఈ రెండేళ్ళలో మా సంఘంలో ఒక పని జరిగింది. అందులో కొంత బాగుపడింది, కొంత మా చేతులారా చెడింది. చెడింది కూడా చెప్పొచ్చంటేనే మాట్లాడతాం అన్నాం. సరే అన్నారు. అందుకని నిలబడ్డాం.

మా సంఘం లెక్కలు మూడు చోట్ల ఉండేవి. ఆఫీసు ఇక్కడ చెన్నైలో. నూలు గోడౌను తిరుత్తణి వైపు, ఎందుకంటే మగ్గాలు ఎక్కువ ఆ పల్లెల్లోనే. 1960 ఏప్రిల్ 1 దాకా ఆ తాలూకా ఆంధ్రలో ఉండేది, ఈనాటికీ అక్కడ మన మగ్గాల దగ్గర వినపడేది తెలుగే. మూడో చోటు ఎగ్జిబిషన్ స్టాలు. ఒక్కోచోట ఒక్కో రిజిస్టరు. గోడౌనులో ఎన్ని చిలపలు ఇచ్చారో ఆఫీసుకు శనివారానికి గాని తెలియదు. స్టాలులో ఏ చీర అమ్ముడుపోయిందో స్టాలు ఎత్తేశాక గాని తెలియదు. నేసేవాళ్ళు ఫోను చేస్తారు. "అన్నా, నా కూలి పడిందా? పొదుపు నిధిలో నాది ఎంత ఉండాది? అప్పులో ఎంత పట్టారు?" అని. గుమాస్తా భోజనానికి పోయుంటాడు. లేదంటే రిజిస్టరు ఆడిటరు దగ్గర ఉంటుంది. చివరికి ఆ మనిషి బస్సెక్కి రావాల్సిందే. ఒక రోజు మగ్గం ఆగితే ఏం పోతుందో ఈ సభలో చెప్పక్కర్లేదు.

ఈ ఊళ్ళో మనవాళ్ళకి ఈ బాధ కొత్తది కాదు. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ హయాంలో నేతవాళ్ళను కూర్చోబెట్టడానికి కూవం ఒడ్డున ఒక పేట కట్టించారు. చిన్న తఱి పేట్టై, అంటే చిన్న మగ్గాల పేట. అదే ఇవాళ్టి చింతాద్రిపేట. అంతకు ముందే గవర్నరు కాలెట్ పేరు మీద కాలడిపేట వచ్చింది. కుంఫిణీ వాళ్ళు వర్తకుల చేతికి డబ్బిస్తే, వర్తకుడు నేతగాడికి బయానా ఇచ్చేవాడు. ఎంత ఇచ్చాడు, ఎంత గుడ్డ ముట్టింది, ఇంకా ఎంత బాకీ అన్న లెక్క వర్తకుడి పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం చూపించమని నేతగాడు అడిగేదెక్కడ? సహకార సంఘాలు పుట్టిందే అందుకు గదా. తీరా సంఘం పెట్టుకున్నాక కూడా మన మెంబరు మన లెక్క కోసం బస్సెక్కుతున్నాడంటే మాకే సిగ్గనిపించింది.

మా మెంబరు ఒకాయన కొడుకు ఓల్డ్ మహాబలిపురం రోడ్డులో ఒక కంపెనీలో పని చేస్తాడు. వాళ్ళ నాన్న ఇంకా నేస్తూనే ఉన్నాడు. ఆ పిల్లవాడు ఒక ఆదివారం ఆఫీసుకు వచ్చి అన్నాడు: "పెదనాన్నా, మూడు రిజిస్టర్లూ ఒకచోట పెట్టి, ఎవరి లెక్క వాళ్ళ ఫోనులో కనిపించేటట్టు చేయొచ్చు. ఏపీఐ రాయాలి. దానికి ముందు ఒక లైబ్రరీ పెట్టుకోవాలి."

"లైబ్రరీ అంటే ఏది నాయనా, ఎగ్మూరులో కన్నెమరా ఉంది, అక్కడికి పోవాలా?" అని మేము అడిగాం. 1896 నాటి కట్టడం, మంచి లైబ్రరీ. పిల్లవాడు నవ్వలేదు, అది వాడి మంచితనం. గుమాస్తా మాత్రం నవ్వాడు.

వాడు చెప్పింది మాకు అర్థమైనట్టు మీకు చెప్తాం. ముందు ఏపీఐ. రేషను షాపు కిటికీ అనుకోండి. లోపల గోడౌను, బయట జనం. జనం లోపలికి పోయి మూటలు విప్పుకోకూడదు. కిటికీ దగ్గర కార్డు చూపించి అడిగితే, లోపలివాడు చూసి ఇస్తాడు. ఏం అడగొచ్చో, ఏ తీరున అడగాలో, ఏ తీరున జవాబివ్వాలో ముందే రాసి ఉంటుంది. అట్లాంటి కిటికీ కంప్యూటరులో పెడితే అదే ఏపీఐ. అడిగేది మనిషి కాదు, ఇంకో యంత్రం. ఫోను అడుగుతుంది, గోడౌను కంప్యూటరు అడుగుతుంది, రేపు బట్టలమ్మే వెబ్‌సైటు అడుగుతుంది. అన్నిటికీ ఒకటే కిటికీ, లోపల ఒకటే లెక్క. 2016లో యూపీఐ వచ్చింది గదా, కూరగాయల బండి దగ్గర ఫోను చూపిస్తే డబ్బు పోతుంది. అక్కడ కూడా ఒక బ్యాంకు యంత్రం ఇంకో బ్యాంకు యంత్రాన్ని ఇట్లాంటి కిటికీల్లోంచే అడుగుతోంది.

కిటికీ జవాబులకు నంబర్లు కూడా ఉన్నాయి. 200 అంటే ఇదిగో తీసుకో. 404 అంటే అట్లాంటిది లేదు. 401 అంటే నువ్వెవరో ముందు చెప్పు. 403 అంటే నువ్వెవరో తెలుసు, కానీ నీకు హక్కు లేదు. 500 వచ్చిందంటే తప్పు లోపలివాడిది. ఇవి లోకమంతా ఒకటే. ఈ నంబర్లు మేము గోడ మీద రాసి పెట్టుకున్నాం, తరవాత పనికొచ్చాయి.

ఇక లైబ్రరీ. మనం నేస్తాం, కానీ నాడె మనమే చెక్కుకుంటామా? అచ్చు మనమే కట్టుకుంటామా? అది చేసేవాళ్ళు వేరే ఉన్నారు, తెచ్చుకుని బిగించుకుంటాం. అట్లాగే వచ్చిన ప్రశ్న చదవడం, అడిగిందెవరో చూడడం, జవాబు సరైన తీరులో కట్టడం, ఈ పనులన్నీ ముందే రాసి పెట్టిన సామాను ఒకటి ఉంటుంది. దానికే లైబ్రరీ అని పేరు. మన సంఘం లెక్క ఏదో, దాన్ని ఎవరికి చూపాలో మనం రాసుకుంటే చాలు.

కంప్యూటరు మనకు పరాయిది అనుకునేవాళ్ళకు ఒక మాట. 1804లో ఫ్రాన్సులో జాకార్డు అనే ఆయన అట్టలకు బెజ్జాలు కొట్టి, బెజ్జం ఉన్నచోట దారం లేచేటట్టు, లేనిచోట లేవకుండా ఉండేటట్టు మగ్గం చేశాడు. అంచుకు, కొంగుకు మనం పైన బిగించుకునేది ఆయన పేరే. ఆ అట్టలు చూసి ఇంగ్లండులో బాబేజ్ అనే ఆయన లెక్కల యంత్రానికి అట్లాంటి అట్టలే పెట్టాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు బెజ్జాల అట్టల మీద లెక్కించారు. కాబట్టి ఈ యంత్రం మన వీధి మీదుగా నడిచిపోయిందే. మన పిల్లలు భయపడాల్సిన పని లేదు.

ఏ లైబ్రరీ పెట్టాలనే దగ్గర రెండు వారాలు పోయాయి. పిల్లవాడికి ఫాస్ట్ ఏపీఐ అనేదాని మీద మనసు. సెబాస్టియన్ రమీరెజ్ అనే కొలంబియా ఆయన 2018లో తెచ్చింది. చురుకైనదని, మనం రాసిన కిటికీలకు వివరాల పేజీ కూడా తనంతట తనే తయారు చేస్తుందని చెప్పాడు. ఇంకొకటి జాంగో. అది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి వార్తాపత్రిక ఆఫీసులో పుట్టింది. 2005లో అందరికీ ఇచ్చేశారు. జాంగో రైన్‌హార్ట్ అని గిటారు వాయించే ఆయన పేరు పెట్టారట. దాని మీద కిటికీలు కట్టడానికి టామ్ క్రిస్టీ అనే ఆయన మొదలుపెట్టింది జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్. ఇవన్నీ పైథాన్ భాషలోవే. దేనికీ లైసెన్సు డబ్బు లేదు, ఎండాకాలం చలివేంద్రం లాగా ఎవరైనా తాగొచ్చు.

మేము అడిగింది ఒకటే. "మన గుమాస్తా ఎందులో పద్దు రాస్తాడు?" జాంగోలో పద్దులు ఎక్కించే పేజీ తయారుగా వస్తుందని చెప్పాడు. ఫాస్ట్ ఏపీఐలో అయితే ఆ పేజీ మనం విడిగా తెచ్చుకోవాలి. గుమాస్తాకు వయసు యాభై ఎనిమిది. జాంగోనే పెట్టు అన్నాం. చురుకుదనం మాకంత అవసరం లేదు. మా మెంబర్లందరూ ఒకేసారి అడిగినా కిటికీ దగ్గర తొక్కిసలాట ఏం జరగదు.

పెట్టే పని చూస్తే ఇంతేనా అనిపించింది. ముందు ఒక విడి పెట్టె చేశాడు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఈ పనికి కావలసిన సామాను ఆ పెట్టెలోనే ఉంటుంది, అదే కంప్యూటరులో ఉన్న వేరే ప్రోగ్రాముల సామానుతో కలవదు. తరవాత పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి, పక్కన జాంగో పేరు, రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ పేరు కొట్టాడు. టీ చల్లారేలోపు దిగిపోయాయి. సెటింగ్స్ అనే ఫైలులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ అని ఒక జాబితా ఉంది, అందులో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ పేరు చేర్చాడు. మైగ్రేట్ అని కొడితే లెక్కల గళ్ళు తయారైపోయాయి. ఏ సామాను ఏ వెర్షను తెచ్చామో ఒక కాగితంలో నంబరుతో సహా రాసి పెట్టాడు. ఎందుకు అంటే, "పెదనాన్నా, 80 నంబరు నూలుతో సగం నేసి, మిగతా సగానికి 60 నంబరు వస్తే ఏమవుతుంది?" అన్నాడు. ఇంకేం అడగలేదు.

పడుగు ఎక్కించాక మొదటి పేక వేసేదాకా ఎన్ని చూసుకుంటామో మీకు తెలుసు. అచ్చులో ఒక పంటి దగ్గర దారం తప్పితే చీర పొడుగునా గీత పడుతుంది. ఆ మాత్రం జాగ్రత్త మేము ఇక్కడ పడలేదు. దీపావళి దగ్గర పడింది. "పండగ ముందు మెంబర్ల ఫోనులో కనపడాలి, తొందరగా కానీ" అని మేమే వెంటబడ్డాం. పిల్లవాడు రాత్రి కంపెనీ పని చేసి, తెల్లవారుజామున మా పని చేసేవాడు. పరీక్ష కోసం కొన్ని వదిలేశాను, సరిచేయాలి పెదనాన్నా అని అన్నాడు కూడా. పండగ అయ్యాక చూద్దాంలే అన్నాం. ఆ మాట మేమే అన్నాం, సభలో ఒప్పుకుంటున్నాం.

మొదటి పది రోజులు ఊరంతా మెచ్చుకున్నారు. కూలి పడిందా లేదా అన్నది ఇంట్లో కూర్చుని చూసుకున్నారు. తరవాత ఒక రోజు పొద్దున మా మెంబరు ఒక అక్క ఆఫీసుకు వచ్చింది. భర్త పోయాడు, రెండు మగ్గాలు నడుపుతూ బిడ్డను చదివించుకుంటోంది. ఆయన ఆస్పత్రి ఖర్చుకు సంఘంలో అప్పు తీసుకుని ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. పాసు పుస్తకం బల్ల మీద పెట్టి, "అన్నా, నా అప్పు సంగతి వీధి కొళాయి దగ్గర చెప్పుకుంటా ఉండారు. నేను ఎవురికీ చెప్పలేదు. మీరు చెప్పినారా?" అంది.

మేము చెప్పలేదు. ఆ మాటే చెప్పాం. కానీ చెప్పింది మేమే. ఎట్లాగంటారా? ఫోనులో ఖాతా తెరిస్తే పైన ఒక అడ్రసు వస్తుంది, దాని చివర మెంబరు నంబరు. ఆ వీధిలో ఒక స్కూలు పిల్లవాడు ఆటకు తన తాత నంబరు 41 తీసేసి 42 పెట్టాడు. పక్కింటి ఖాతా తెరుచుకుంది. 43 పెట్టాడు, ఇంకో ఖాతా. పిల్లవాడి తప్పు ఏముంది, తలుపు తీసి పెట్టింది మేము. ఖాతాలో కూలి ఒక్కటే కాదు, అప్పు, వాయిదా తప్పిన నెలలు, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ ఉన్నాయి.

ఆ అక్క బిడ్డకు అప్పుడు ఒక సంబంధం మాట్లాడుతున్నారు. ఆ మాట వాళ్ళ చెవికి కూడా పోయింది. తరవాత ఏమైంది అని మీరు అడుగుతారు. అది ఆ ఇంటి సంగతి, ఇక్కడ చెప్పం. ఇంతవరకు చెప్పడానికి ఆమెను అడిగే వచ్చాం. పేరు వద్దంది.

ఆ మధ్యాహ్నమే కిటికీ మూసేశాం. మళ్ళీ పాసు పుస్తకాలు, మళ్ళీ బస్సులు. "చెప్తే విన్నారా, ఇవన్నీ మనకెందుకు" అన్నవాళ్ళు ఉన్నారు. పిల్లవాడు రెండు రోజులు మా ముఖం చూడలేదు. మూడో రోజు మేమే వాళ్ళింటికి పోయాం. "నువ్వు వదిలేసిందేమిటో మేము అడగలేదు, తప్పు సగం పైన మాది. రేపు కమిటీ ముందు కూర్చుని ఆ సెటింగ్స్ ఫైలు ఒక్కో గీత చదివి తెలుగులో చెప్పు" అన్నాం.

ఆ రోజు ఏడుగురం కూర్చున్నాం, నలుగురికి ఇంగ్లీషు రాదు. ప్రతి గీతకూ మేము ఒకటే ప్రశ్న వేశాం: ఇది రాయకపోతే ఏమవుతుంది? అక్కడే అసలు సంగతి బయటపడింది. ఆ లైబ్రరీలో డిఫాల్ట్ పర్మిషన్ క్లాసెస్ అని ఒక సెటింగు ఉంది. ఎవరికి చూపాలి అన్నది అందులో రాయాలి. మనం ఏమీ రాయకపోతే అది తనంతట తను అలో ఎనీ అనుకుంటుంది. అంటే ఎవరైనా రావచ్చు, చూడొచ్చు. లైబ్రరీ చేసినవాళ్ళను తప్పు పట్టలేం. వాతావరణం సంగతో, రైలు టైములో చెప్పే కిటికీ అయితే అందరికీ తెరిచే ఉండాలి గదా. వాళ్ళు ఈ సంగతి వివరాల్లో రాసే పెట్టారు. మేము రాయాల్సింది రాయలేదు. ఖాళీగా వదిలిన గడి కూడా మా కమిటీ తీర్మానం కిందే చెల్లింది, మాకు తెలియకుండా.

దాన్ని ఈజ్ ఆథెంటికేటెడ్ అని మార్చాడు. నంబరు, రహస్య సంఖ్య ఇచ్చి లోపలికి వచ్చినవాళ్ళకే జవాబు. అందరూ సరే అన్నారు. మాకెందుకో అనుమానం తీరలేదు. మా సొంత నంబరుతో లోపలికి పోయి, ఆ స్కూలు పిల్లవాడు చేసినట్టే చివర అంకె మార్చి చూశాం. వేరేవాళ్ళ ఖాతా తెరుచుకుంది! గదిలో ఎవరూ మాట్లాడలేదు.

పిల్లవాడు చెప్పాక తెలిసింది. మొదటి తాళం వీధి తలుపుది. లోపలికి వచ్చినవాడు మెంబరేనా అని చూస్తుంది, అంతే. లోపల ఎవరి పెట్టెకు వాళ్ళ తాళం వేరే వేయాలి. ఖాతాలు వెతికే చోట, అడిగిన మనిషి సొంత ఖాతాల్లోనే వెతకమని రాయాలి. అది సెటింగ్స్ ఫైలులో ఒక్క గీతతో వచ్చేది కాదు, ప్రతి కిటికీ దగ్గరా రాయాలి. రాశాక మళ్ళీ అంకె మార్చి చూశాం. 404. గోడ మీద చూసుకున్నాం, అట్లాంటిది లేదు. హక్కు లేదు అని కూడా చెప్పదు. ఆ నంబరు మెంబరు ఉన్నాడో లేడో కూడా బయటపెట్టదు. అది మాకు నచ్చింది.

ఇంకొకటి సీరియలైజరు. రిజిస్టరులో ఒక పద్దును జవాబుగా మార్చి పంపేది అది. ఏ గడులు పంపాలి అన్నచోట ఆల్ అని రాసి ఉంది. అన్నీ అని. అందుకే బ్యాంకు నంబరు దాకా బయటికి పోయింది. కూలి చూసుకోవడానికి బ్యాంకు నంబరు దేనికి? ఆ మాట తీసేసి, పంపాల్సిన గడుల పేర్లు ఒక్కొక్కటీ రాయించాం. అప్పు గడి ఉంచాలా వద్దా అని గంట సేపు వాదన. అప్పున్న ఇంట్లో ఫోను మొగుడి చేతిలో ఉంటుంది, పిల్లల చేతిలో ఉంటుంది, ఆడవాళ్ళు తీసుకున్న అప్పు అందరికీ తెలియాలా అని మా డైరెక్టరు ఒకామె అడిగింది. మగవాళ్ళం ఆ సంగతి అనుకోలేదు. చివరికి అప్పు గడి చూడాలంటే రహస్య సంఖ్య ఇంకోసారి కొట్టాలి అని పెట్టాం.

రహస్య సంఖ్య మొదట నాలుగు అంకెలు. నిమిషానికి ఐదుసార్లకు మించి ప్రయత్నించకుండా థ్రాటిల్ అనే సెటింగు పెట్టాడు. మా గుమాస్తా లెక్క వేశాడు. నాలుగు అంకెలంటే పదివేల రకాలు, నిమిషానికి ఐదంటే 2000 నిమిషాలు, ఒకటిన్నర రోజు కూడా పట్టదు. ఆరు అంకెలు చేశాం. వరసగా తప్పు కొడితే ఖాతా మూసుకుంటుంది, ఆఫీసుకు వచ్చి తెరిపించుకోవాలి.

డీబగ్ అనేది పరీక్షలప్పుడు పెట్టుకునేది. తప్పు జరిగితే లోపలి సంగతులన్నీ తెర మీద విప్పి చూపిస్తుంది. అది కూడా తెరిచే వదిలేసి ఉంది. మూయించాం. మూసీమూయగానే కిటికీ ఎవరికీ పలకలేదు, 400 అని ఒక కొత్త నంబరు. ఏ అడ్రసు మీద వచ్చేవాళ్ళకు పలకాలో అలోడ్ హోస్ట్స్ అన్నచోట రాయాలట. రాశాక పలికింది.

డబ్బు లెక్కలో ఒక చిత్రం. కంప్యూటరు మామూలుగా దశాంశాలు లెక్కపెట్టే తీరులో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, చివర ఎక్కడో ఒక 4 మిగులుతుంది. నమ్మకపోతే మీ పిల్లలచేత చేయించి చూడండి. అందుకని కూలికి, నూలు తూకానికి డెసిమల్ అనే వేరే రకం గడి వాడాలి. పిల్లవాడు ముందే అట్లా పెట్టాడు, మెచ్చుకోవాలి. ఆ లైబ్రరీ డెసిమల్ అంకెలను దారిలో చెడిపోకుండా అక్షరాల లాగా కట్టి పంపుతుంది, దాన్ని మార్చొద్దన్నాడు. గ్రాము నూలు దగ్గర పోట్లాడుకునే జాతి మనది, ఇది మాత్రం ఖాయంగా ఉండాలి.

తేదీ సంగతి మాత్రం ఎవరూ కనిపెట్టలేదు, ఒక మెంబరు కనిపెట్టాడు. ఆయన రాత్రంతా కూర్చుని చీర దించి, తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోనులో ఎక్కించాడు. ఆ రోజు ఏప్రిల్ 1. మా లెక్కలో మార్చి 31 అని పడింది. ఒక రోజే గదా అనుకోకండి. ఆ ఒక్క రోజుకు ఆర్థిక సంవత్సరం మారిపోతుంది, ఆడిటరు ఊరుకోడు. చూస్తే టైమ్ జోన్ అన్న సెటింగులో యూటీసీ అని ఉంది. కొత్తగా పెట్టినప్పుడు జాంగో అట్లాగే ఇస్తుంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. పొద్దున ఐదున్నరకు ముందు ఎక్కించినవన్నీ ముందు రోజు కింద పడుతున్నాయి. ఏషియా కోల్‌కతా అని మార్పించి, పాత పద్దులు చేత్తో సరిచేయించాం. పట్నంలో కంపెనీలు పదింటికి తెరుస్తాయి కాబట్టి వాళ్ళకు ఇది కనపడకపోవచ్చు. మన పని తెల్లారకముందే మొదలవుతుంది.

ఇంత మందికి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. సీక్రెట్ కీ అని ఒక పొడుగాటి మాట ఉంటుంది. అది తెలిసినవాడు లోపలివాడిలా వేషం వేయొచ్చు. అది సెటింగ్స్ ఫైలులోనే రాసి, ఆ ఫైలు నలుగురికీ పంపేస్తుంటారు. మాది వేరే తీయించి సర్వరులో విడిగా పెట్టించాం. ఆ మాట, సర్వరు పాస్‌వర్డు, అద్దె కట్టాల్సిన తేదీ, ఇవి ఒక కవరులో పెట్టి సీలు వేసి, కమిటీ సంతకాలతో బీరువాలో పెట్టాం. ఎందుకంటే మన పిల్లలకు ఉద్యోగాలు మారతాయి. ఇవాళ ఇక్కడ, రేపు బెంగుళూరు, ఎల్లుండి అమెరికా. పిల్లవాడు పోతే సంఘం లెక్క వాడి ల్యాప్‌టాపులో ఇరుక్కుపోకూడదు. వాడే ఈ మాట చెప్పాడు.

2023లో కేంద్రం వ్యక్తిగత డేటా రక్షణకని చట్టం చేసింది. ఒకరి వివరాలు మన దగ్గర ఉంటే వాటికి మనం జవాబుదారీ. మా సంఘం ఆ చట్టం తెలిసి చేసింది కాదు. ఆ అక్క బల్ల మీద పెట్టిన పాసు పుస్తకం చూసి చేశాం.

మీ సంఘాల్లో ఎవరైనా ఇట్లాంటిది పెట్టుకుంటుంటే, డబ్బు తీసుకుని చేసే కంపెనీ అయినా, ఊరికే చేసే మన పిల్లవాడైనా, సెటింగ్స్ ఫైలు మీ భాషలో చదివి చెప్పమనండి. మీకు అర్థం కాదులే అంటే ఒప్పుకోకండి. మాకు అర్థమైంది, మీకు కాకుండా పోతుందా? మీ సొంత నంబరుతో పోయి అంకె మార్చి చూడండి. పండగ ముందు తొందర మాత్రం పెట్టకండి.

మూసిన కిటికీ పండగ పోయి, సంక్రాంతి కూడా పోయాక తెరిచాం. తెరిచే ముందు ఆ అక్కను పిలిపించాం. రాదేమో అనుకున్నాం, వచ్చింది. తన ఫోను పక్కన పెట్టి, గుమాస్తా ఫోను తీసుకుని, "నా నంబరు పెట్టి తెరవండి, చూస్తాను" అంది. 404 వచ్చింది. మా నంబరుతో కూడా తెరిపించింది. రాలేదు. గుమాస్తా పద్దు రాసే పేజీలో మాత్రం కనపడుతుంది గదా అని అడిగింది. కనపడుతుంది, ఆయన రాయాలి కాబట్టి అన్నాం. "అయితే ఆయన ఎప్పుడెప్పుడు చూసినాడో నాకు కనపడాల" అంది. ఆ సంగతి మాకు తోచలేదు, పిల్లవాడికీ తోచలేదు. ఇప్పుడు ఎవరి ఖాతా ఎవరు ఎప్పుడు తెరిచారో రాసుకునే గడి ఒకటి చేరింది. ఆమె ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి ఆ పరీక్ష చేసి పోతుంది. కమిటీలో లేదు, జీతం లేదు. రాను పోను బస్సు ఖర్చు సంఘం ఇస్తోంది.

స్టాలు లెక్క ఇంకా రిజిస్టరులోనే నడుస్తోంది. హాలు లోపల సిగ్నలు సరిగ్గా ఉండదు, కిటికీ దాకా ప్రశ్న పోదు. అది తేలాలి. మా పిల్లవాడికి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది, జనవరిలో పోతాడు. వాళ్ళ నాన్న సంతోషంగానే ఉన్నాడు, మాకు మాత్రం గుబులుగా ఉంది. మీ ఇళ్ళలో పైథాన్ నేర్చుకుంటున్న ఆడపిల్లలు గాని మగపిల్లలు గాని ఉంటే, వాడు ఉన్నప్పుడే ఒకసారి వచ్చి కూర్చోమనండి. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆఫీసు తెరిచే ఉంటుంది. సెటింగ్స్ ఫైలుకు తెలుగులో రాసిన కాగితం కూడా అక్కడే ఉంది, గుమాస్తా చేతిరాత, కాస్త ఓపిగ్గా చదువుకోవాలి.